తలనొప్పి వస్తే జుట్టు కుదుళ్లు ఎందుకు నొప్పెడతాయి? మైగ్రేన్‌లో చర్మం తాకనివ్వకపోవడం వెనక జరిగేది

మైగ్రేన్ ఉన్నవాళ్లలో చాలామంది డాక్టరు దగ్గర ఎత్తని మాట ఒకటుంది. నొప్పి వచ్చిన రోజు తలలో దువ్వెన పెట్టలేరు. నొప్పి ఉన్న వైపు దిండుకు ఆనించలేరు. కళ్లజోడు కాడ కణతకు తగులుతుంటే భరించలేక తీసి పక్కన పెట్టేస్తారు. చెవి రింగులు కూడా బరువైపోతాయి. చెబితే నవ్వుతారేమోనని కొందరు చెప్పరు. తలనొప్పికీ దీనికీ సంబంధం ఉంటుందన్న ఆలోచనే రాక ఇంకొందరు చెప్పరు. షాంపూ పడలేదేమో, జుట్టు మరీ బిగించి కట్టానేమో అని తమకు తామే ఓ కారణం చెప్పుకుని ఊరుకుంటారు.

వైద్యంలో దీని పేరు అలోడీనియా. ఇది చర్మరోగం కాదు. మనిషి సుకుమారం కావడం వల్ల వచ్చేదీ కాదు. మైగ్రేన్ నొప్పి నాడీవ్యవస్థలో ఎంత లోపలిదాకా వెళ్లిందో చర్మం మీద తెలిసే గుర్తు ఇది. మాత్ర పనిచేస్తుందా, తలనొప్పి ముందు ముందు ఎలా మారుతుంది అన్న ప్రశ్నలతోనూ దీనికి ముడి ఉంది. అందుకే దీన్ని చిన్న విషయంగా తీసిపారేయడం నాకు బాధగా ఉంటుంది.

నొప్పి పుట్టించకూడని స్పర్శ

అలోడీనియా గ్రీకు మాటల నుంచి వచ్చింది. అలోస్ అంటే వేరైనది, ఒడినే అంటే నొప్పి. మామూలుగా నొప్పి కలిగించని స్పర్శ నొప్పిగా తెలియడమే అలోడీనియా. దీనికి దగ్గరగా ఉండే మరో మాట హైపరాల్జీసియా. రెంటినీ కలిపేస్తుంటారు గానీ తేడా తేలికే. సూది గుచ్చితే ఎవరికైనా నొప్పే. ఆ నొప్పి ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువగా ఉంటే అది హైపరాల్జీసియా. దూదితో రాస్తే నొప్పెడితే అది అలోడీనియా.

ఎండకు కమిలిన వీపు మీద చొక్కా తగిలితే చుర్రుమంటుంది కదా, అదీ అలోడీనియానే. కాకపోతే అక్కడ చర్మమే దెబ్బతింది, చర్మంలోని నరాల కొసలే రేగి ఉన్నాయి. మైగ్రేన్‌లో చర్మానికి ఏమీ కాలేదు. ఎర్రబారదు, వాయదు, భూతద్దం పెట్టి చూసినా ఏమీ కనిపించదు. పక్కవాళ్లు నమ్మకపోవడానికి సగం కారణం అదే.

ఇది మూడు రకాలుగా ఉంటుంది. దువ్వెన, గుడ్డ లాంటివి చర్మం మీద కదిలితే నొప్పి పుట్టడం ఒకటి. దిండు, కళ్లజోడు, బిగుతు కాలరు లాంటివి ఒత్తితే నొప్పి పుట్టడం రెండోది. వేడికో చల్లదనానికో నొప్పి పుట్టడం మూడోది. ఈ మూడూ అందరికీ ఉండాలని లేదు. ఒకే తలనొప్పిలో ఒకరు నుదుటిన ఐస్ పెట్టుకుంటే హాయిగా ఉందంటారు, ఇంకొకరు అది తగలగానే కేక పెడతారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. రెండోవారికి చల్లదనపు అలోడీనియా వచ్చి ఉండవచ్చు.

పాత పరిశీలన, ఆలస్యంగా వచ్చిన కొలత

మైగ్రేన్‌లో మాడు నొప్పెడుతుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ లివింగ్ 1873లోనే దీన్ని రాసిపెట్టారు. 1960లో సెల్బీ, లాన్స్ అనే వైద్యులు 500 మంది మైగ్రేన్ రోగుల లక్షణాలను వివరించినప్పుడు, దాదాపు మూడింట రెండొంతుల మంది మాడు నొప్పి గురించి చెప్పారు. అయినా అది జాబితాలో ఒక లక్షణంగానే ఉండిపోయింది. పైన కండరాలు బిగుసుకోవడం వల్లో, రక్తనాళాలు ఉబ్బడం వల్లో వస్తుందనుకున్నారు.

2000లో బోస్టన్‌లో రామీ బర్‌స్టీన్ అనే పరిశోధకుడి బృందం దీన్ని కొలిచింది. మొత్తం 42 మందికి నొప్పి లేని రోజున ఒకసారి, మైగ్రేన్ వచ్చి ఉన్నప్పుడు ఒకసారి పరీక్ష చేశారు. కంటి చుట్టూ ఉన్న చర్మం మీద, ముంజేతి మీద వేడిని, చల్లదనాన్ని, ఒత్తిడిని మెల్లగా పెంచుతూ ఎక్కడ నొప్పి మొదలవుతుందో నమోదు చేశారు. 33 మందికి, అంటే 79 శాతానికి, మైగ్రేన్ సమయంలో నొప్పి మొదలయ్యే గీత కిందికి జారింది. ముంజెయ్యి మీద కూడా అలా జరగడం అందరినీ ఆలోచింపజేసింది. తలలో ఉబ్బిన రక్తనాళం చేతి చర్మాన్ని నొప్పి పెట్టించలేదు కదా. ఇంకేదో జరుగుతోందన్నమాట.

డ్యూరా నుంచి వచ్చిన కబురు, నుదుటి మీద నొప్పి

మెదడు కణజాలానికి తనంతట తనకు నొప్పి తెలియదు. నొప్పి తెలిసేది దాన్ని కప్పి ఉండే పొరలకు. వాటిలో బయటి గట్టి పొర డ్యూరా, అందులోని రక్తనాళాలు ముఖ్యమైనవి. అక్కడి కబుర్లను మోసేది ట్రైజెమినల్ నరం. నుదురు, కళ్లు, చెంపలు, దవడల స్పర్శను మోసేదీ అదే నరం. మిగతా కథంతా ఈ కలయిక మీదే నడుస్తుంది.

ఆ కబురు మూడు మజిలీలు దాటుతుంది. పుర్రె అడుగున ఉండే ట్రైజెమినల్ గాంగ్లియన్ అనే నరాల ముడిలోని కణాలు మొదటి మజిలీ. మెదడు కాండం కింది కొస నుంచి మెడలోని వెన్నుపాము మొదలు దాకా పరుచుకుని ఉండే కణాలు రెండోది. మెదడు నడిమధ్యన ఉండే థలామస్ మూడోది. అక్కడినుంచి కబురు మెదడు పై పొరలకు చేరితే మనకు నొప్పిగా తెలుస్తుంది.

మైగ్రేన్ మొదలైనప్పుడు డ్యూరాలోని నరాల కొసల దగ్గర సీజీఆర్‌పీ లాంటి రసాయనాలు విడుదలై, ముందుగా మొదటి మజిలీ కణాలు రేగుతాయి. అవి ఎంత చిరాకు మీద ఉంటాయంటే, మామూలుగా పట్టించుకోని నాడి కొట్టుకోవడం కూడా నొప్పిగా అందుతుంది. తల దపదపలాడటం, వంగినా దగ్గినా నొప్పి ఎగదన్నడం ఈ దశవే. చర్మానికి ఇంకా ఏమీ కాలేదు, దువ్వుకోవచ్చు.

నొప్పి ఆగకుండా కొనసాగితే రెండో మజిలీ వంతు వస్తుంది. ఆ కణాల్లో చాలావాటికి డ్యూరా నుంచీ, నుదుటి చర్మం నుంచీ రెంటినుంచీ తీగలు వస్తాయి. ఒకే గుమస్తా రెండు ఊళ్ల ఉత్తరాలు చూస్తున్నాడనుకోండి. ఒక ఊరి నుంచి గంటల తరబడి ప్రమాదం, ప్రమాదం అని వస్తూనే ఉంటే, కాసేపటికి రెండో ఊరి నుంచి వచ్చిన క్షేమ సమాచారాన్ని కూడా అతను ప్రమాద వార్తగానే చదువుతాడు. నుదుటి మీద వెంట్రుక కదిలిందన్న కబురు అలాగే నొప్పిగా మారిపోతుంది. వెన్నుపాము, మెదడు కణాలు ఇలా రేగిపోవడాన్ని సెంట్రల్ సెన్సిటైజేషన్ అంటారు. వెన్నుపాము స్థాయిలో దీన్ని మొదట చూపినవారు క్లిఫర్డ్ వుల్ఫ్, 1983లో.

ఎలుకల మీద 1998లో చేసిన ప్రయోగం ఒకటి దీన్ని కళ్లకు కట్టిస్తుంది. డ్యూరా మీద మంట పుట్టించే రసాయనాలు పోస్తే, కాసేపటికి రెండో మజిలీ కణాలు ముఖం మీద సుతారపు స్పర్శకు కూడా పెద్దగా స్పందించడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత డ్యూరాకు మత్తుమందు పూశారు. డ్యూరా నుంచి వచ్చే కబురు ఆగింది. చర్మం స్పర్శకు వచ్చే అతి స్పందన మాత్రం పెద్దగా తగ్గలేదు. అంటించిన చోట నిప్పు ఆర్పినా పైకప్పు కాలుతూనే ఉందన్నమాట. గుమస్తా ఉదాహరణలో చెప్పాలంటే మొదటి ఊరి ఉత్తరాలు ఆగిపోయినా అతని భయం పోలేదు.

మెడ పైభాగం నుంచి వచ్చే నరాలు కూడా ఇదే కణాల వరసలోకి దిగుతాయి. మైగ్రేన్‌లో మెడ పట్టేసినట్టు, తల వెనక ముట్టుకోనివ్వనట్టు ఉండటానికి ఇదొక కారణం.

మూడో మజిలీ థలామస్ కూడా రేగితే నొప్పి తల దాటుతుంది. థలామస్‌కు ఒళ్లంతటి స్పర్శా చేరుతుంది కాబట్టి చేతులు, ఛాతీ, ఒక్కోసారి కాళ్ల మీద కూడా దుప్పటి తగిలితే ఇబ్బందిగా ఉంటుంది. ముంజేతి చిక్కుముడికి సమాధానం ఇక్కడ దొరికింది.

ఒకే మనిషి, ఒకే తలనొప్పి, నాలుగు గంటలు

ఈ ప్రయాణాన్ని గంట గంటకూ కొలిచిన సందర్భం ఒకటుంది. బర్‌స్టీన్ బృందమే 2000లో 42 ఏళ్ల పురుషుడి ఒక మైగ్రేన్‌ను మొదటినుంచీ గమనించింది. నొప్పి మొదలైన గంటకు, నొప్పి ఉన్న వైపు తల చర్మం ఒత్తిడికీ చల్లదనానికీ నొప్పెట్టడం మొదలైంది. రెండు గంటలకు అది పెరగడమే కాక తల రెండో వైపుకూ, నొప్పి ఉన్న వైపు ముంజేతికీ పాకింది. నాలుగు గంటలకు నొప్పి వైపు తల వేడికి కూడా ఓర్వలేకపోయింది, మిగతా చోట్ల అలోడీనియా ఇంకా ముదిరింది.

ఇది ఒక్క మనిషి కథే, అందరికీ ఇదే లెక్కలో జరగదు. అయినా ఒక్కో గంటా ఒక్కో మజిలీగా నొప్పి లోపలికి దిగడం ఇంత దగ్గరగా చూశాక, దిండు ఎప్పుడు గుచ్చుకోవడం మొదలైందో గుర్తుపెట్టుకునే రోగి మాటకు ఎంత విలువుందో తెలుస్తుంది. డాక్టరుకు అది గడియారం లాంటి సమాచారం.

పన్నెండు ప్రశ్నలతో లెక్క

ప్రతివారినీ నొప్పి వచ్చిన వేళ ప్రయోగశాలకు రమ్మనలేరు. అందుకే ఏఎస్‌సీ-12 అనే ప్రశ్నావళి తయారైంది. తీవ్రమైన తలనొప్పి వచ్చినప్పుడు పన్నెండు సందర్భాల్లో చర్మం ఎంత తరచుగా నొప్పెడుతుందో అడుగుతారు. దువ్వుకోవడం, జుట్టు వెనక్కి లాగి కట్టుకోవడం, గడ్డం గీసుకోవడం, కళ్లజోడు, కాంటాక్ట్ లెన్సులు, చెవి రింగులు, మెడలో గొలుసు, బిగుతు బట్టలు, షవర్ నీళ్లు ముఖం మీద పడటం, దిండుకు తల ఆనించడం, వేడి, చల్లదనం. ఎప్పుడూ లేదు, అరుదుగా ఉంది, నాకు వర్తించదు అంటే సున్నా. సగం కన్నా తక్కువసార్లు అంటే ఒకటి. సగం సార్లు లేదా అంతకన్నా ఎక్కువ అంటే రెండు.

ఒకామె జవాబులు ఇలా ఉన్నాయనుకుందాం. దువ్వుకోవడానికి రెండు, దిండుకు రెండు, కళ్లజోడుకు ఒకటి, చల్లదనానికి ఒకటి, మిగతావన్నీ సున్నా. మొత్తం ఆరు. రెండు దాకా వస్తే అలోడీనియా లేనట్టు, మూడు నుంచి ఐదు స్వల్పం, ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థం, తొమ్మిది లేదా అంతకన్నా ఎక్కువైతే తీవ్రం. ఈమెది మధ్యస్థం. గడ్డం గీసుకోనివారికి, లెన్సులు వాడనివారికి కొన్ని ప్రశ్నలు వర్తించవు కాబట్టి ఇద్దరి మార్కులను నేరుగా పోల్చేటప్పుడు జాగ్రత్త కావాలి. ఇలాంటి లోటు ఉన్నా వేలమందిని ఒకేసారి అడగడానికి ఇది బాగా పనికొచ్చింది. అమెరికాలో 2008లో వెలువడిన పెద్ద సర్వేలో మైగ్రేన్ ఉన్నవాళ్లలో సుమారు 63 శాతానికి అలోడీనియా కనిపించింది. దీర్ఘకాలిక రూపంలో ఉన్నవాళ్లలో అది ఇంకాస్త ఎక్కువ, సుమారు 68 శాతం.

ఇంతమందికి ఉన్నా మైగ్రేన్ నిర్ధారణకు వాడే అంతర్జాతీయ ప్రమాణాల్లో అలోడీనియా లేదు. నొప్పి ఎన్ని గంటలుంది, ఒకవైపేనా, దపదపలాడుతుందా, వికారం ఉందా, వెలుగూ శబ్దమూ భరించలేకపోతున్నారా లాంటి ప్రశ్నలే అందులో ఉంటాయి. డాక్టరు అడగకపోవడం, రోగి చెప్పకపోవడం అలా కలిసొస్తాయి.

మాత్రకూ అలోడీనియాకూ పోటీ

మైగ్రేన్‌కు ప్రత్యేకంగా వాడే మందుల్లో ట్రిప్టాన్లు ముఖ్యమైనవి. వాటిలో మొదటిదైన సుమాట్రిప్టాన్ 1991లో వాడకంలోకి వచ్చింది. జంతు ప్రయోగాలను బట్టి చూస్తే ఇవి మొదటి మజిలీ కణం రెండో మజిలీకి కబురు అందించే చోట అడ్డుపడతాయి. రెండో మజిలీ ఇంకా మొదటిదాని కబురు మీదే ఆధారపడి ఉంటే నొప్పి ఆగుతుంది. తనంతట తానే రేగిపోయి ఉంటే అక్కడ అడ్డుకట్ట వేసి లాభం ఉండదు.

2004లో బర్‌స్టీన్ బృందం దీన్ని రోగుల్లో పరీక్షించింది. అలోడీనియా లేకుండా ఉన్న 27 మైగ్రేన్లలో ట్రిప్టాన్‌తో 93 శాతం పూర్తిగా తగ్గాయి. అలోడీనియా వచ్చేసిన 34 మైగ్రేన్లలో పూర్తిగా తగ్గినవి 15 శాతమే. రోగి పరంగా చూస్తే, అదే మనిషికి అదే మాత్ర ఒక సోమవారం దువ్వుకోగలిగిన దశలో పడింది, నొప్పి పోయింది. ఇంకో సోమవారం పని మధ్యలో వదల్లేక మధ్యాహ్నం దాకా ఆగారు, అప్పటికి దిండు కూడా ముల్లులా ఉంది. మాత్ర వేసుకున్నాక దపదపలు తగ్గాయి గానీ నొప్పి పోలేదు. ఈ మాత్ర ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు అని వాపోయే చాలామందికి కారణం మాత్రలో కాక వేళలో ఉండవచ్చని ఈ పరిశోధన చెప్పింది.

అయితే ఆ తేడాను తర్వాతి పెద్ద పరీక్షలన్నీ అంత స్పష్టంగా చూపలేదు. నొప్పి స్వల్పంగా ఉండగానే మందు వేసుకుంటే ఫలితం మెరుగన్నది చాలాచోట్ల నిలబడింది. ఆ మేలు అలోడీనియా రాకముందు వేసుకోవడం వల్లా, లేక నొప్పి ముదరకముందు వేసుకోవడం వల్లా అన్న దగ్గరే అభిప్రాయాలు వేరు. రెండూ గడియారం మీద పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి విడదీయడం కష్టం. చిన్న అధ్యయనంలో అలోడీనియాను నేరుగా కొలిచారు, పెద్ద పరీక్షల్లో రోగి జవాబుల మీద ఆధారపడ్డారు, తేడాకు అదీ ఒక కారణం కావచ్చు. నా మటుకు యంత్రాంగం వరకూ బర్‌స్టీన్ వివరణ బలంగానే అనిపిస్తుంది. 93కూ 15కూ మధ్య ఉన్న అంతటి అంతరం మాత్రం ప్రతి రోగిలోనూ కనిపిస్తుందని అనుకోలేం.

త్వరగా వేసుకోవడం మంచిదే అయితే ప్రతి చిన్న నొప్పికీ వేసుకోవచ్చు కదా అన్న ఆలోచన వస్తుంది. చిక్కు అక్కడే ఉంది. ట్రిప్టాన్లు నెలకు పది రోజులు లేదా అంతకన్నా ఎక్కువ, మామూలు నొప్పి మాత్రలు పదిహేను రోజులు లేదా అంతకన్నా ఎక్కువ చొప్పున మూడు నెలలు దాటి వాడుతూ పోతే, ఆ మందు వల్లే తలనొప్పి వచ్చే పరిస్థితి ఏర్పడవచ్చు. తలనొప్పులు తరచుగా వచ్చేవాళ్లకు అందుకే నివారణ మందుల గురించి ఆలోచిస్తారు.

మైగ్రేన్ కాకపోతే

తల చర్మం నొప్పెట్టడం మైగ్రేన్ ఒక్కదానిలోనే ఉండదు. 50 ఏళ్లు దాటాక కొత్తగా తలనొప్పి మొదలై, కణత దగ్గర ముట్టుకోనివ్వక, నమిలేటప్పుడు దవడ నొప్పెట్టి, చూపు మసకబారితే జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ అనే రక్తనాళాల వాపును అనుమానిస్తారు. చికిత్స ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోవచ్చు కాబట్టి అది అత్యవసరం. ట్రైజెమినల్ న్యూరాల్జియాలో కూడా స్పర్శ నొప్పి పుట్టిస్తుంది గానీ అది కరెంటు షాకులా క్షణాల్లో వచ్చి పోతుంది. ఒకవైపు చర్మం మండుతూ రెండు మూడు రోజుల్లో పొక్కులు లేస్తే అది హెర్పిస్ జోస్టర్. మైగ్రేన్ అలోడీనియా తలనొప్పితో పాటు పెరిగి, సాధారణంగా దానితోనే సర్దుకుంటుంది.

ఇది కారణమా, గుర్తా?

మైగ్రేన్ కొందరిలో ఏళ్ల తరబడి నెలకు రెండు మూడు సార్లు వచ్చిపోతుంది. కొందరిలో నెలకు పదిహేను రోజులకు చేరుతుంది. మూడు నెలలు దాటి అలా ఉండి, అందులో నెలకు కనీసం ఎనిమిది రోజులు మైగ్రేన్ లక్షణాలుంటే దాన్ని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు రెండు వేల మందికి పైగా మైగ్రేన్ రోగులను గమనించి 2013లో ఒక సంగతి వెల్లడించారు. అలోడీనియా ఉన్నవాళ్లలో తలనొప్పి రోజులు కాలక్రమంలో పెరిగే అవకాశం ఎక్కువ. స్త్రీలలో, చిన్న వయసులో మైగ్రేన్ మొదలైనవాళ్లలో, డిప్రెషన్ ఉన్నవాళ్లలో అలోడీనియా ఎక్కువగా కనిపించిందని కూడా చెప్పారు.

దీన్ని రెండు విధాలుగా చదువుతున్నారు. పదే పదే రేగిన కణాలు ఒకప్పటిలా చల్లబడవు, రేగుదలే అలవాటవుతుంది, కాబట్టి ప్రతి అలోడీనియా దాడీ తర్వాతి దాడికి దారి సుగమం చేస్తుంది అన్నది ఒక వాదన. దీర్ఘకాలిక మైగ్రేన్ ఉన్నవాళ్లలో కొందరికి తలనొప్పి లేని రోజున కూడా చర్మం సున్నితంగానే ఉండటాన్ని వీళ్లు సాక్ష్యంగా చూపుతారు. కొందరి మెదడు కాండంలో నొప్పిని అదుపు చేసే వ్యవస్థ మొదటినుంచే బలహీనం, అలోడీనియా వచ్చినా తలనొప్పులు తరచైనా ఆ బలహీనత చూపే రెండు ముఖాలే అన్నది రెండో వాదన. మైగ్రేన్‌కు ముందు రోజే ఆవులింతలు, తిండి మీద యావ, మెడ పట్టేయడం కనిపిస్తాయి కాబట్టి కథ డ్యూరాకన్నా ముందే, మెదడులోనే మొదలవుతుందనేవాళ్లు ఈ రెండోదాని వైపు మొగ్గుతారు.

ఏ వాదన నిలిచినా రోగి చేతిలో ఉండే సమాచారం ఒకటే. ఇదివరకు నుదుటికే పరిమితమైన నొప్పి ఇప్పుడు భుజానికి బట్ట తగిలితే తెలుస్తోందా? నెలకోసారి దువ్వెన పక్కన పెట్టే మనిషి ఇప్పుడు వారానికోసారి పెడుతున్నారా? ఈ మార్పు ఏ స్కానులోనూ కనబడదు. తెలిసేది వాళ్లకే.